పేజీ తిప్పని అంతోనయ్య

బూర్గంపాడుకు నాలుగు కిలోమీటర్ల అవతల, అడవి మొదలయ్యే చోట కాపురముండే అంతోనయ్యది ఒకటే పట్టుదల. చదివిన వచనం చేసి చూపించందే పేజీ తిప్పడు. చర్చిలో మిగతా భక్తులు క్యాలెండర్ పెట్టుకుని ఏడాదిలో బైబిలు గ్రంథమంతా చదివేసి, డిసెంబరులో ఫాదర్ చేత బహుమతులు అందుకునేవారు. అంతోనయ్య 2001లో మొదటి సువార్త మొదలుపెట్టి, 2006 నాటికి ఐదో అధ్యాయం ఇరవై నాలుగో వచనం దగ్గర ఉన్నాడు. ఈ నడకన గ్రంథం పూర్తి కావాలంటే ఆయన ఎన్నేళ్లు బతకాలో ఫాదర్ ఒకసారి లెక్క వేయబోయి, మధ్యలోనే మానుకున్నాడు.

కొత్తగూడెం బొగ్గు గనిలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన రోజున చర్చివాళ్లు ఆయనకు ఆ గ్రంథం ఇచ్చారు. దర్జీ పనిచేసే తమ్ముడు జస్టిన్ అన్న పాత ఖాకీ ప్యాంటు కత్తిరించి దానికి గట్టి అట్ట కుట్టాడు. చెవి మీద పెన్సిల్ ముక్క పెట్టుకుని అంతోనయ్య రోజూ పొద్దున్నే అరుగు మీద కూర్చునేవాడు. ఆ పుస్తకాన్ని ఇంకెవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. భార్య రిబ్కాకు చదువు రాదు. మొగుడు ఏ వచనం చదివాడన్నది ఆమెకు ఆ రోజు తన నెత్తిన పడే పనిని బట్టి తెలిసేది.

మొదటి అధ్యాయమంతా పేర్లే. ఎవరు ఎవరిని కన్నారో ఒకటే వరస.

"దీంట్ల చేసేదేముందయ్యా?" అంది రిబ్కా.

"మన తాతముత్తాతల పేర్లు మనకు తెల్వకపాయె. తెలుసుకోవాలె."

ఎర్రుపాలెం చుట్టాల దగ్గరికి పోయి, మూడు వారాలు ఇంటికో పూట భోంచేసి, ఏడు తరాల పేర్లు రాసుకుని, పొట్ట పెంచుకుని తిరిగొచ్చాడు. ఆ ఏడు తరాల్లో ఒకాయన మేకల దొంగ అని కూడా బయటపడింది. అంతోనయ్య ఆ సంగతి దాచలేదు. గ్రంథంలో కూడా ఎవరి సంగతీ దాచలేదని చెప్పి, మేకలదొంగ ముత్తాత గురించి వాడంతా చాటి వచ్చాడు.

మూడో అధ్యాయంలో ఒక ప్రవక్త మిడతలు, అడవితేనె తిని బతికాడు. "తేనె దాక తిను. మిడతలు నా గిన్నెలకు రావొద్దు," అని రిబ్కా ముందే చెప్పేసింది. అంతోనయ్య పొలం గట్టు మీదే ఒక మిడతను పట్టి, తేనెలో ముంచి మింగాడు. పక్కింటి రూప్లా కళ్లార్పకుండా చూశాడు.

"ఎట్లున్నదే అన్నా?"

"తేనె బాగుంది," అన్నాడు అంతోనయ్య.

ఐదో అధ్యాయంలో మనుషుల్ని లోకానికి ఉప్పుతో పోల్చారు. అది చదివిన రోజున సంచెడు ఉప్పు పొట్లాలు కట్టి ఇంటింటికీ పంచడానికి బయల్దేరాడు. ఉప్పు చేతికిస్తే ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ తగాదా వస్తుందని ఆ వాడలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. రూప్లా భార్య మంగ్లి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"కింద పెట్టు అన్నా. నీతోని కొట్లాట నాకొద్దు."

"కొట్లాటయితే మాఫీ నేనే అడుగుత. పట్టు."

తర్వాత దీపాన్ని దాచకుండా ఎత్తున పెట్టమన్న వచనం వచ్చింది. వంటింటి బల్బు ఊడబీకి ఇంటి కప్పు మీద వేలాడదీశాడు. వీధికి వెలుగు వచ్చింది, రిబ్కా నెల రోజులు చీకట్లో వండింది. ఆ నెల కూరల్లో ఉప్పు రెండుసార్లు పడినా అంతోనయ్య నోరెత్తలేదు. పాపం, ఎత్తడానికి ఆయనకు ముఖం చెల్లలేదు.

అప్పట్నుంచి బస్టాండులో గానీ సంతలో గానీ ఆయన ఎదురైతే ఎవరూ బాగున్నావా అని అడిగేవారు కాదు. "ఏ వచనం కాడున్నవ్?" అనేవారు. ఆయన ఠక్కున చెప్పేవాడు. ఇరవై నాలుగో వచనం దగ్గరికొచ్చాక మూడేళ్లుగా జవాబు మారలేదు.

"తమ్ముని కాడ ఆగిన."

ఆ వచనం చెప్పేదేమిటంటే, దేవుడికి కానుక తెచ్చినప్పుడు నీ వల్ల నీ సోదరుడి మనసు నొచ్చిందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి, ముందు పోయి అతనితో రాజీపడాలి. అంతోనయ్యకు గుర్తుచేసుకునే అవసరమే లేదు. ఆ నొప్పి రోజూ ఆయన పక్కనే కూర్చునేది.

జస్టిన్ పెళ్లయ్యాక భార్య తరఫువాళ్ల చర్చిలో చేరాడు. అక్కడ ఫాదర్ ఉండడు, పాస్టరు ఉంటాడు. అన్నదమ్ములకు దాంతో ఏ పేచీ లేదు. తల్లి కూడా చివరి నాలుగేళ్లు బూర్గంపాడులో జస్టిన్ దగ్గరే ఉంది. 2002 వానాకాలంలో ఆమె పోయినప్పుడు, సమాధి దగ్గర ఆఖరి ప్రార్థన ఫాదర్ చేయాలని పెద్దకొడుకు, పాస్టరే చేయాలని చిన్నకొడుకు పట్టుబట్టారు. ఫాదరూ పాస్టరూ మాత్రం ఒకే గొడుగు కింద నిలబడి "మీరు కానివ్వండి", "లేదు, మీరే" అనుకుంటున్నారు. మాటా మాటా పెరిగింది. ఊరందరి ముందు అంతోనయ్య తమ్ముణ్ని పట్టుకుని, "నువ్వు మా అమ్మ కొడుకువే కాదు, పో," అన్నాడు. జస్టిన్ పిడికెడు మన్ను వేసి, తడుస్తూ వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి వాళ్ల మధ్య మాట లేదు.

వచనం చదివిన వారం నుంచి ప్రతి సోమవారం అంతోనయ్య నల్ల సైకిలెక్కి జస్టిన్ దుకాణానికి పోయేవాడు. గడప బయట నిలబడి, "తమ్మీ, తప్పు నాది. మాఫీ చేయి," అనేవాడు. జస్టిన్ తలెత్తేవాడు కాదు. కుట్టుమిషన్ వేగం మాత్రం పెరిగేది. సోమవారం కుట్టిన బట్టలకు కుట్లు ఊడవని ఊళ్లో పేరు కూడా వచ్చింది.

సమాధుల పండుగకు కూడా ఇదే తంతు. తెల్లవారగానే జస్టిన్ వచ్చి తల్లి సమాధికి నీలి సున్నం వేసి పోయేవాడు. ఆ తర్వాత అంతోనయ్య వచ్చి తెల్ల సున్నం వేసేవాడు. ఆ సమాధుల తోటలో ఏటా రెండు పూతలు పడే సమాధి ఆమెదొక్కటే.

అన్నదమ్ములు మాట్లాడకపోయినా ఆడవాళ్లు మానలేదు. జస్టిన్ కూతురు దీవెన అంగన్‌వాడీ టీచరు. వారానికోసారి పెద్దమ్మను చూడ్డానికి వచ్చేది. అంతోనయ్య ఆ వచనం దగ్గర ఆగిన కొత్తలోనే ఒకరోజు రిబ్కా ఆమెను కూర్చోబెట్టి, "మీ పెదనాయిన ఆగిన వచనం కింద ఇంకేమున్నదే?" అని అడిగింది. దీవెన తన పుస్తకం తీసి చదువుతూ పోయింది. ఐదు వచనాల కింద, నీ కన్ను నీతో తప్పు చేయిస్తే దాన్ని పీకి పారేయమని ఉంది.

రిబ్కా దాన్ని మళ్లీ చదివించుకుని విన్నది. మిడతను మింగిన మనిషికి కన్ను పీకడం ఒక లెక్కా?

గోడవతల మేకలు కట్టేస్తున్న రూప్లా కూడా ఇదంతా విన్నాడు. ఇంకా కిందికి, నలభై రెండో వచనంలో, అడిగినవాడికి ఇవ్వమని ఉందని విని అతని ముఖం వెలిగింది. నల్ల సైకిల్ మీద అతనికి ఎప్పట్నుంచో కన్ను. అప్పట్నుంచి నెలకోసారి వచ్చి, "ఇంకా తమ్ముని కాడనేనా? జల్దీ చదువే అన్నా," అని తొందరపెట్టేవాడు.

రిబ్కా ఫాదర్ దగ్గరికి పరుగెత్తింది.

"అది పాపానికి దూరంగా ఉండమని గట్టిగా చెప్పిన మాట రిబ్కమ్మా. నిజంగా పీకమని కాదు."

"మీకు తెలుసు ఫాదర్. ఆయనకు తెలియాలె గద."

ఫాదర్‌కు మిడత గుర్తొచ్చింది. ఇక రిబ్కా తనకు తోచిన ప్రార్థన మొదలుపెట్టింది. "దేవా, అన్నదమ్ముల్ని కలుపు. జల్దీ మాత్రం వద్దు."

2006 అక్టోబరులో దీవెన ఒక కబురు తెచ్చింది. "నాయిన మనసు మెత్తబడ్డది పెద్దమ్మా. కానీ ఒక్కటే మాట పట్టుకున్నడు. ఊరంత మంది ముందు తిట్టి, దుకాణం కాడ ఒక్కనికే మాఫీ అడిగితే ఎట్ల అంటడు. పెదనాయినకు చెప్పు."

రిబ్కా చెప్పలేదు. చెబితే రాజీ అవుతుంది. రాజీ అయితే వచనం కదులుతుంది. కదిలితే ఐదు వచనాల అవతల కన్ను ఉంది. తొమ్మిది రోజులు ఆ మాటను కడుపులో పెట్టుకుని తిరిగింది. నడుమ వచ్చిన సోమవారం మొగుడు ముసురులో సైకిలెక్కి పోయి, ముద్దగా తడిసి, ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. తువ్వాలు అందిస్తూ ఆమె ఆయన కళ్లలోకి చూడలేకపోయింది. కళ్లను కాపాడబోయి కళ్లకే ముఖం చాటేయాల్సి వచ్చిందని తన మీద తనకే అసహ్యం వేసింది.

సమాధుల పండుగ పొద్దున అంతోనయ్య సున్నం కలుపుతుంటే వచ్చి ఎదురుగా నిలబడింది.

"నీకో మాట చెప్పాలె. ముందు ఒట్టు పెట్టు, కన్ను జోలికి పోనని."

"ఒట్టే పెట్టుకోవద్దని ఇంకొంచెం కిందనే ఉన్నది గద రిబ్కా."

ఆ మాటలోని తిరకాసు కంగారులో ఆమెకు తట్టలేదు. దీవెన చెప్పిందంతా చెప్పేసింది. "తొమ్మిది రోజులు దాచిన. తప్పు నాదే," అని కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నేనన్న మాట నాలుగేండ్ల నాటిది. దాని ముందు నీ తొమ్మిది రోజులెంత? నడువు," అన్నాడు అంతోనయ్య, బకెట్ అందుకుంటూ.

సమాధుల తోట నిండా జనం. జస్టిన్ అప్పటికే నీలి సున్నం సగం వేశాడు. అంతోనయ్య బకెట్ కింద పెట్టి, తువ్వాలు భుజం మీది నుంచి తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అందరూ ఒక్క నిమిషం ఇనుండ్రి. ఆ రోజు ఇక్కడనే, మీ అందరి ముందు, వీడు మా అమ్మ కొడుకు కాదన్న. అది అబద్ధం. నాలుగేండ్లు అమ్మకు అన్నం పెట్టింది వీడు, కాళ్లు పట్టింది వీడు. నేను ముందు పుట్టిన, గంతే. తమ్మీ, మాఫీ చేయి."

చెప్పి, అందరూ చూస్తుండగా తమ్ముడి ముందు తల వంచుకుని నిలబడ్డాడు. వాడకు పెద్ద, గనిలో ముప్పై మందితో పని చేయించిన మనిషి. రిబ్కాకు కన్ను సంగతే మతికి లేదు. ఈ మనిషి నా మొగుడు అనుకుని ఆమె నిటారుగా నిలబడింది.

జస్టిన్ బ్రష్ వంక చూశాడు, అన్న వంక చూశాడు.

"సున్నం గట్టిపడుతుంది అన్నా. నీది కూడా దీంట్లనే పొయ్యి."

రెండు బకెట్లూ కలిపారు. ఆ ఏడు వాళ్లమ్మ సమాధి లేత నీలంగా, ఒక్క పూతతో మెరిసింది.

మధ్యాహ్నం జస్టిన్ కుటుంబమంతా మోపెడ్ మీదా ఆటోలోనూ అన్న ఇంటికి భోజనానికి వచ్చింది. రూప్లా కూడా వచ్చి సైకిల్ పక్కనే కూర్చున్నాడు. రిబ్కా ఎందుకైనా మంచిదని కొడవలి, కత్తిపీట, స్క్రూడ్రైవర్ బియ్యం డబ్బాలో దాచింది. చేతులు కడుక్కుని అంతోనయ్య పుస్తకాన్ని మొదటిసారి ఇంకొకరి చేతికిచ్చాడు.

"దీవెనా, పేజీ తిప్పమ్మా."

దీవెన తిప్పింది. ఇంకో పేజీ తిప్పింది. గబగబా చివరిదాకా తిప్పేసింది. ప్రతి అధ్యాయం పక్కనా పెన్సిల్‌తో తేదీ ఉంది.

"పెదనాయినా, నువ్విదంత ఎన్నడో చదివినవ్. ఆఖరి పేజీకి గూడ మొన్న ఎండాకాలం తేదీ ఉన్నది."

"కన్ను కాడ ఏమున్నదో చూడు ముందు," అంది రిబ్కా.

దీవెన వెతికి చదివింది. "'తమ్ముని తప్పు చూసే కన్ను పీకాలె. కాలేదు.' దాని కింద ఇంకో తేదీ. 'పీకిన.' దాని కింద, 'రిబ్కాకు చెప్పొద్దు. భయపడతది.'"

రిబ్కా నడుం మీద చెయ్యి వేసుకుంది. "మరి మూడేండ్లు నేను భయపడ్డదేంది?"

"నీకు తెలుసని ఇయ్యాల పొద్దున దాక నాకు తెల్వదాయె," అన్నాడు అంతోనయ్య. "ఆరో అధ్యాయంల, మంచి పని చేస్తే ఎడమచేతికి గూడ తెల్వొద్దని ఉన్నది. గందుకే అవతలివన్నీ చప్పుడు చేయకుండ చేసిన."

"మరి తమ్ముని కాడ ఆగిన, ఆగిన అని ఊరంత ఎందుకు చెప్పినవ్?" అంది రిబ్కా.

ఆయన తల గోక్కున్నాడు. "ఆగింది నిజమే గద. తేదీ వేయనిది అదొక్కటే. తమ్ముడు పలుకుతలేడు అంటే వాణ్ని నలుగురు నాలుగు మాటలంటరు. నేను ఆగిన అంటే నన్ను జూసి నవ్వుతరు. నవ్వితే నవ్వనీ అనుకున్న."

జస్టిన్‌కు మూడేళ్లలో ఊళ్లో ఒక్కరు కూడా తనను ఒక్క మాట అనలేదని అప్పుడు తట్టింది. అనాల్సిన మాటలన్నీ అన్న నవ్వుల పాలై మోశాడు. అతను చేయి చాచి దీవెన దగ్గర పుస్తకం తీసుకున్నాడు. తాను కుట్టిన ఖాకీ అట్ట అంచులు అరిగిపోయి ఉన్నాయి. అంతోనయ్య చెవి మీది పెన్సిల్ తీసి అందించాడు.

"తేదీ నువ్వే వేయి తమ్మీ."

జస్టిన్ ఇరవై నాలుగో వచనం పక్కన తేదీ వేశాడు. వేసి, ముక్కు చీదుకుని, "అట్ట చినిగింది. సోమవారం కొత్తది కుట్టుకొస్త," అన్నాడు.

రూప్లా మెల్లగా గొంతు సవరించుకున్నాడు. "అన్నా, అంటే నలభై రెండోది గూడ చదివినవన్నట్టే గద?"

"చదివిన. నాకు ప్రతి సోమవారం సైకిల్ పని ఉండె, గందుకే నీకియ్యలే," అన్నాడు అంతోనయ్య నవ్వుతూ. "ఇగ నాకెందుకు? మా తమ్ముడే బండి మీద వస్తడు. తీస్కపో."

రూప్లా సైకిల్ తీసుకుని నాలుగడుగులు నడిచి, వంగి చక్రం నొక్కి చూశాడు. "అన్నా, గాలి లేదే."

"పంపు ఇంట్ల ఉన్నది," అంది రిబ్కా, బియ్యం డబ్బాలోంచి కత్తిపీట పైకి తీస్తూ. "గది గూడ అడుగు, ఇస్తడు."