మా మావ వేలి మీద సిరా

గొడవంతా బొట్టు దగ్గర మొదలైంది. పాతపట్నం దగ్గర మా ఊళ్లో ఓట్లొచ్చాయంటే పార్టీల ఆడవాళ్లు కుంకుమ భరిణెలు పట్టుకుని ఇంటింటికీ తిరుగుతారు. ఓటున్న ప్రతి మనిషికీ, ఆడా మగా తేడా లేకుండా, నుదుట బొట్టు పెట్టి మరీ అడుగుతారు. ఆ పొద్దున మా అత్తకి పెట్టారు, నాకు పెట్టారు. అరుగు మీద కూర్చున్న మా మావని మాత్రం దాటుకుని పోయారు.

మావంటే మా అమ్మకి అన్న. నన్ను పెంచింది ఆయనా, అత్తా. చాలా ఏళ్ల కిందట పొలానికి నీళ్లు మళ్లించుకునే తగువులో మావ పార ఎత్తి కొట్టాడు. ఎదుటి మనిషి పోయాడు. మావకి శిక్ష పడింది, అది పూర్తిగా అనుభవించి వచ్చాడు. ఆ పోయిన మనిషి ఇల్లు మా వీధి చివర్లోనే ఉంది. ఇప్పటికీ మావ ఆ ఇంటి ముందు తలెత్తి నడవడు. నడవకూడదు కూడా. కానీ బతికున్న మనిషిని అరుగు మీద సామానులా దాటిపోవడం చూసేసరికి నాకు ఒళ్లు మండింది.

“మా మావకెందుకు పెట్టనేదు? ఆయన మనిషి కాడేటి?” అని వీధిలోకి వెళ్లి నిలదీశాను.

“కోపం సేసుకోకమ్మా. జైలుకెల్లొచ్చినోలికి ఓటుండదు కదా” అంది భరిణె పట్టుకున్నావిడ, ఎంతో జాలిగా.

ఆ జాలికి ఇంకా మండింది. నిజానికి తప్పు ఆవిడది కాదు, ఊరంతటిదీ అదే నమ్మకం. పక్క ఊళ్లో ఒక పెద్దమనిషి ఏదో కేసులో శిక్ష పడి సర్పంచి పోటీకి పనికిరాకుండా పోయాడు. నిలబడటం వేరు, ఓటెయ్యడం వేరు అని ఎవరికీ తోచలేదు. రెండింటినీ ఒకే గాటన కట్టేశారు. మావ కూడా అదే నమ్మాడు.

“నాకేటి ఓటే గుంటా?” అన్నాడు. “నాను లోపలున్నప్పుడు ఓట్లొచ్చినాయి. మమ్మల్నెవులూ అడగనేదు. పోయింది మల్లీ వస్తాదేటి?”

ఆ గొంతు విన్నాక నేను ఆగలేదు. చెప్పులు తొడుక్కుని నేరుగా అంగన్‌వాడీ టీచరు ఇంటికి పోయాను. మా వీధి ఓటర్ల పని చూసేది ఆవిడే. వంకాయలు తరుగుతున్న మనిషి మీదకి కోర్టులో వాదించినంత గొంతేసుకుని పడ్డాను.

“ఎందుకలాగ అరుస్తావు?” అంది, కత్తిపీట మీంచి తలెత్తకుండా. “జైల్లో ఉన్నన్నాళ్లే ఓటెయ్యకూడదు. బైటికొచ్చేసినాక అందరిలాగే ఎయ్యొచ్చు. మీ మావ పేరు ఉన్నాది. ఆయనే రావడం నేదు.”

సంతోషం పట్టలేకపోయాను. దారిలో కనిపించిన ప్రతి మనిషికీ “మా మావకి ఓటుంది!” అని చెప్పుకుంటూ ఇంటికి పరిగెత్తాను. ఇక చూడాలి తమాషా. సాయంత్రానికి పొద్దున దాటిపోయిన భరిణే తిరిగొచ్చింది, వెనకాలే రెండో పార్టీ భరిణె కూడా వచ్చింది. మావ నుదుటి మీద ఖాళీ మిగల్లేదు. “ఒలమ్మ! పెల్లినాడు కూడా ఇంత బొట్టు నేదు ఈయనకి” అని అత్త పడీపడీ నవ్వింది.

తీరా ఓట్ల రోజున తెల్ల పంచె కట్టుకున్న మావ గుమ్మం దగ్గర ఆగిపోయాడు. “నాను రాను. నలుగుర్లో ఎవుడో ఒకడు లేసి బైటికి పొమ్మంటాడు.”

“అన్నోడి సంగతి నాను సూస్తాను. పద మావా” అన్నాను.

ఆయన భయపడినట్టే జరిగింది. ఓట్లేసే బడి గదిలో మావ పేరు చదవగానే ఒక ఏజెంటు లేచాడు. “ఈయన జైలుకెల్లొచ్చిన మనిషండి!”

ఆడవాళ్ల వరసలో గుమ్మం దాకా వచ్చిన నేను లోపలికి తొంగి చూశాను. మావ అప్పుడే వెనక్కి తిరగబోతున్నాడు.

“ఇప్పుడు జైల్లో ఉన్నారా?” అని పెద్దాఫీసరు ఏజెంటుని అడిగాడు.

“లేరండి. ఇక్కడే ఉన్నారు కదండి.”

“అయితే మీరు కూర్చోండి.”

నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. మావ సిరా పెట్టే అమ్మాయి ముందుకి నడిచి, రెండు చేతులూ బల్ల మీద బోర్లా పరిచాడు. పది వేళ్లూ విడదీసి పెట్టాడు. స్టేషన్లోనూ జైల్లోనూ ఆయన వేళ్లకి సిరా పూసింది అలాగే మరి.

“ఒక్క వేలు సాలు బాబూ. ఎడం సెయ్యి” అంది ఆ అమ్మాయి నవ్వుతూ.

మావ అట్ట చాటుకి వెళ్లాడు. కాసేపటికి మిషను కూత వినిపించింది. అంత కమ్మని కూత నేనింతవరకు వినలేదు!

నా ఓటూ అత్త ఓటూ అయ్యాక ముగ్గురం ఇంటికి బయల్దేరాం. “గుంటా, ఆ జైలు సిరా కడుక్కుంటే పోయీది. ఇది ఉంటాదా?” అని అడిగాడు మావ.

“సబ్బెట్టి తోమినా పోదు మావా.”

ఇక ఎదురైన ప్రతివాళ్లకీ ఎడం చెయ్యెత్తి చూపించడం మొదలుపెట్టాడు. అత్త సిగ్గుపడుతోంది, నేను ఈలలు వేస్తున్నాను. పోయిన మనిషి ఇల్లు వచ్చేసరికి మాత్రం మావ చెయ్యి దించి, తల వంచుకుని నడిచాడు. మేమూ నోరు మూసుకున్నాం. ఆ ఇల్లు దాటాక మళ్లీ చెయ్యెత్తాడు.