కాలు తిమ్మిరెక్కి నొప్పి పోయిన రోజు

నొప్పి ఉన్నంతసేపు నేను భయపడలేదు. విరిగిన కాలికి కట్టు కట్టిన మూడోరోజు పొద్దున లేచేసరికి కుడికాలిలో నొప్పి లేదు. బొటనవేలిని గిల్లి చూసుకున్నాను. ఎవరి వేలినో గిల్లినట్టుంది. భయపడవలసిన చోట నేను సంతోషించాను.

కాలు ఎలా విరిగిందో ముందు చెప్పాలి. అరవైల మొదట్లో, విడవలూరు దగ్గర సముద్రపు పల్లెలో నేను దర్జీని. నాలుగో తరగతితో చదువు ఆగినా గ్రంథాలయంలోని పుస్తకాలు వరసగా చదివేవాణ్ణి. ఒక సచిత్ర పత్రికలో మంచుకొండల మీద మనుషులు కాళ్లకు పొడవాటి పలకలు కట్టుకుని జారుతున్న బొమ్మలు చూశాను. కొత్తగా పడిన మెత్తటి మంచు కోసం వాళ్లు స్నేహితులతో కలిసి కొండ నుంచి కొండకు పోతారట. మాకు మంచు లేదు గాని, ఎండాకాలపు గాలికి పెరిగే ఇసుక దిబ్బలు ఉన్నాయి.

నా స్నేహితుల్లో దావీదు తెప్పలు కట్టేవాడు, వెంకయ్య వరి పండించేవాడు. దావీదు పలకలు చెక్కినాడు. చర్చిలో మిగిలిన కొవ్వొత్తుల మైనం వాటి అడుగున రుద్దాం. గాలి వీచినప్పుడల్లా కొత్త ఇసుక ఏ దిబ్బ మీద పడిందో వెతుక్కుంటూ పరుగెత్తేవాళ్లం. ఆ ఆనందాన్ని ఇప్పటికీ తప్పనను.

తప్పు ముడిలో జరిగింది. పడితే ఊడిపోయే ముడి వేస్తానని దావీదు అన్నాడు. బొమ్మలో పాదం గట్టిగా బిగించి ఉందని నేను వాదించి, తెప్ప మానులకు వేసే ముడి వేయించుకున్నాను. లాగేకొద్దీ బిగిసే ముడి అది. ఆ రోజు గాలి ఇసుకతో ముఖం చెక్కేస్తోంది. సగం దిబ్బ దిగాక పలక కొన ఇసుకలో దిగబడింది. నేను తిరిగాను, పలక తిరగలేదు. పచ్చికట్టె విరిచిన చప్పుడయింది. మోకాలి కింద ఎముక చర్మాన్ని లోపలి నుంచి పొడుస్తూ పైకి లేచింది.

కట్లు కట్టే పెద్దాయన దగ్గరికి మోసుకుపోయారు. ఒకడు నా రొమ్ము మీద కూర్చున్నాడు, ఇద్దరు కాలు లాగారు. నోట్లో కుక్కిన తువ్వాలు కొరికి చించేశాను. మినప్పిండి, గుడ్డుసొన పూసి, వెదురు బద్దలు పెట్టి బిగించారు. వారం దాకా విప్పవద్దన్నారు.

మూడోరోజు దావీదు వచ్చి దుప్పటి తీశాడు. వేళ్లు నల్లబడి ఉన్నాయి, వాసన వస్తోంది.

"నొప్పి లేదురా, ఎముక అతుక్కుంటా ఉండాది," అన్నాను.

"అతుక్కుంటా ఉండాదా, చస్తా ఉండాదా? కట్టు కోసేస్తుండా," అని తాళ్లు కోసే కత్తి తీశాడు.

కట్టు విప్పితే ఎముక వంకరపోతుందని, ఇక మిషను తొక్కలేనని నా భయం. చేతికందిన గజంబద్దతో వాడి మూతి మీద కొట్టాను. పెదవి చీలింది. వాడు నెత్తురు ఉమ్మి, నా తొడ మీద కూర్చుని, కట్టు మొత్తం కోశాడు. కాలిలోకి రక్తం తిరిగి దిగుతుంటే నేను అరిచిన అరుపులకు వీధి కదిలింది.

ఎద్దుల బండిలో, తర్వాత బస్సులో నెల్లూరు ఆసుపత్రికి చేర్చారు. డాక్టరమ్మ పాదం పట్టి చూసింది. "గ్యాంగ్రీన్, కండ చచ్చిపోతోంది. వేళ్లతో ఆగిందా, పైకి పోయిందా రేపు తెలుస్తుంది. పైకి పోతే ఆంప్యుటేషన్, కాలు తీసెయ్యాలి," అంది. మిషను తొక్కి బతికేవాణ్ణమ్మా అన్నాను. "బతికితే గదా తొక్కేది," అంది.

మరునాడు చీలమండ దగ్గర వేలు పెట్టి చాలాసేపు చూసి, "పల్స్ ఉంది, రక్తం ఆడుతోంది," అంది. రెండు వేళ్లు తీసేశారు. ప్లాస్టర్ వేశారు. పది రోజులకు జ్వరం తిరగబెట్టింది. ప్లాస్టర్‌లో కిటికీలా కోసి, పిక్క మీద చచ్చిన కండను కత్తెరతో రోజూ కత్తిరించేవాళ్లు. పెనిసిలిన్ సూదులకు రెండు పిర్రలూ గట్టిపడ్డాయి. ఒకరోజు డాక్టరమ్మ, "ఇంకొక పూట ఆ కట్టు ఉంటే కాలు పోయేది. ఎవరు విప్పింది?" అని అడిగింది. గుమ్మం దగ్గర పెదవి మీద మానుతున్న గాయంతో నిలబడ్డ దావీదును చూపించాను.

ఐదేళ్లయింది. ఆ పాదానికి మూడు వేళ్లు మిగిలాయి, పిక్క సన్నబడింది. మిషను రెండు కాళ్లతోనే తొక్కుతున్నాను.

ఇది చదివేవారికి ఒక్క మాట. కట్టు ఎవరు కట్టినా సరే, వేళ్లు బయటికి కనిపించేలా ఉంచండి, పూటపూటకూ తాకి చూడండి. అవి చల్లబడినా, నల్లబడినా, స్పర్శ పోయినా ఆ క్షణమే కట్టు వదులు చేసి ఆసుపత్రికి తీసుకుపోండి. రోగి వద్దంటాడు, తిడతాడు, కొడతాడు. వాడి మాట వినకండి.