శ్రమదినాల్లో అమ్మ మాత్ర

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక వేసవి, అమ్మకు అరచేతులూ అరికాళ్ళూ ఒకటే దురద. పర్చూరు దగ్గర మా ఊళ్ళో మిరపకోతలు సాగుతున్నాయి కాబట్టి కాయల ఘాటే అనుకున్నాం. కళ్ళంలో పరిచిన కాయల మీద ఎండ పొగలా కదిలేది. ఆ ఎరుపు మధ్య వంగి తాలుకాయలు ఏరుతున్న అమ్మ నీళ్ళలో నడుస్తున్నట్టు కనిపించేది. కోతలు అయిపోయినా దురద పోలేదు. కళ్ళు పచ్చబడ్డాయి.

గుంటూరులో డాక్టరుగారు పరీక్షలు చేయించి, కాలేయంలో ఊరిన పైత్యరసం కిందికి దిగకుండా నిలిచిపోతోందన్నారు.

"అది నిలిస్తే అక్కడి కణాలు చచ్చిపోతాయమ్మా. ఈ మాత్రలో ఉన్నదీ పైత్యరసంలోని ఆమ్లమే. కానీ సౌమ్యమైంది, కణాలు చావకుండా కాపు కాస్తుంది. పొద్దునా సాయంత్రం అన్నంతోనే వేసుకోవాలి, మానకూడదు."

"పైత్యానికి పైత్యమే మందా అండీ? అయితే మా ఆయనక్కూడా రాయండి," అంది అమ్మ.

నేను నవ్వలేకపోయాను. బైబిల్లో నేను చదివినంతవరకు పైత్యరసపు చేదు శ్రమకే గుర్తు. ఆ చేదులోనే ప్రాణం కాచేదాన్ని కూడా దేవుడు దాచి ఉంచాడా అనుకుంటూ బస్సులో కూర్చున్నాను. చిలకలూరిపేట మిల్లుల దగ్గర దూది పింజలు కిటికీలోంచి తేలి వచ్చాయి. వాటిని చూస్తూ అమ్మ నిద్రపోయింది.

మరుసటి ఏడు శ్రమదినాలు, ఈస్టరుకు ముందు నలభై రోజుల ఉపవాసాలు, వచ్చాయి. అమ్మ పగలంతా మంచినీళ్ళే.

"సాయంత్రం మాత్ర వేసుకుంటాగా. పొద్దుటిది ప్రభువు చూసుకుంటాడు."

బతిమాలినా వినలేదు. సగం మందుతో ఆ కాలేయం ఎన్నాళ్ళు ఓర్చుకుంటుందోనని నా భయం. శుక్రవారం ప్రార్థనకు వెళ్ళినప్పుడు మా చర్చి పాస్టరమ్మగారికి చెప్పాను. ఆవిడ పక్కనే ఉన్న తమ ఇంట్లోకి వెళ్ళి, పెరుగన్నంలో మాగాయ పెట్టి తెచ్చి, మందిరంలో పాడుతున్న ఆడవాళ్ళ మధ్యే అమ్మ పక్కన కూర్చున్నారు.

"తిను అక్కా."

"అందరూ ఉపవాసముంటే నేనొక్కదాన్నే ఎట్లా తిననండీ? ఏమనుకుంటారు?"

"అనుకుంటే నన్ను అనుకోనీ. మందు ఇచ్చింది ఆయనే గదా. వద్దని ఆయనకే తిప్పికొడతావా?"

వెనక నుంచి ఒకామె పాట ఆపి, "తొందరగా తినవే తల్లీ, ఆ మాగాయ వాసనకి మా ఉపవాసాలు పోయేట్టున్నాయి," అంది.

అమ్మకు నవ్వొచ్చింది. కళ్ళు మూసుకుని ప్రార్థించి, నిదానంగా తిని, మాత్ర మింగింది. కొంగుతో మూతి తుడుచుకుని పాటను సగంలో అందుకుంది.