మూడు పిలుపుల కుర్చీ

సారెపతు ప్రార్థనాలయపు బోధకులు తెగ్విన్ రోలండ్స్ గారు ముప్పై ఎనిమిది సంవత్సరాల సేవ ముగించి, 1974వ సంవత్సరం మే నెలలో పదవీ విరమణ చేశారు. హెలిగ్ లోయలో ఆయన చేత బాప్తిస్మం పొందనివారు తక్కువ. ఆయన వ్రాసిన నాలుగు పంక్తుల పద్యం లేని సమాధిరాళ్లు ఇంకా తక్కువ. పంక్తి మొదటి సగంలో ఏ హల్లులు ఏ వరుసలో పలికాయో, రెండవ సగంలోనూ అవే హల్లులు అదే వరుసలో పలకాలన్నది ఆ పద్యాల కట్టుబాటు. ఒక్క హల్లు తప్పినా ఆయన సహించేవారు కారు. రాయి చెక్కే మనిషి ఉలి పట్టుకుని వారాల తరబడి వేచి ఉండవలసి వచ్చేది.

సంఘం వారి ఇల్లు ఖాళీ చేసి, వంతెన పక్కనున్న చిన్న ఇంట్లోకి మారుతున్న రోజున చిక్కు వచ్చింది. సామాను దింపడానికి ట్రాక్టరు తెచ్చిన నెస్టా, ఓక్ కర్రతో చేసిన పెద్ద కుర్చీని గుమ్మంలో నిలబెట్టి చెమట తుడుచుకుంది.

"ఇది దూరదు అయ్యగారూ. దీని కాళ్లన్నా కోయాలి, ఈ గోడన్నా కోయాలి."

"కొంచెం వంచి చూడమ్మా."

"నాలుగుసార్లు వంచాను. ఇప్పుడు నా నడుమే వంగి ఉండిపోయింది. అసలు మీరు దీంట్లో కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. అమ్మగారున్నప్పుడు ఉతికిన బట్టలు దొంతరపెట్టేవారు."

ఆ మాట నిజమే. ఆయన ప్రసంగాలన్నీ వంటింటి బల్ల మీదనే వ్రాసుకున్నారు. కుర్చీ వీపున లోయ పేరు, 1936 అనే అంకెలు చెక్కి ఉన్నాయి. ఆ సంవత్సరపు పద్యపోటీలో గెలిచిన కవికి ఇచ్చిన కుర్చీ అది.

"మీ నాన్న ఎలా ఉన్నాడు?" అని అడిగారాయన.

నెస్టా తలుపు చెక్క మీద వేలితో గీతలు గీసింది. "తుంటి ఎప్పుడో పోయింది. ఇప్పుడు గుండె సంగతీ అంతేనట. వచ్చే ఏడు గొర్రెలు ఈనే కాలం చూడడని డాక్టరు నాతో చెప్పాడు. ఆయన మాత్రం పొయ్యి దగ్గర కూర్చుని కుక్కకి మంద తోలడం నేర్పుతున్నాడు. అది నిద్రపోతుంటుంది."

రోలండ్స్ గారు టోపీ పెట్టుకున్నారు. "కుర్చీ మళ్లీ ఎక్కించు. మీ ఇంటికే పోదాం."

ట్రాక్టరు కొండదారి పట్టింది. వెనుక బండిలో కుర్చీని పట్టుకుని కూర్చున్న ఆయన, ముప్పై ఎనిమిదేళ్లుగా చెప్పలేకపోయిన మాటను మనసులో పేర్చుకున్నారు. ఇవాళ చెప్పకపోతే, తరువాత సమాధిరాయికి చెప్పుకోవాలి.

1936లో, ఆ పద్యపోటీ నాటికి ఆయన వయస్సు ఇరవై ఆరు. పరీక్ష మీద వచ్చిన బోధకుడు. ఆయనను ఉంచుకోవాలా వద్దా అని సంఘపెద్దలు మరుసటి ఆదివారం తీర్మానించవలసి ఉంది. గొంతు సన్నమని సగం మంది పెదవి విరిచారు. కుర్చీ గెలిచిన కవినైతే ఏ సంఘమూ వదులుకోదు. పోటీలో కవులు మారుపేర్లతో పద్యాలు పంపుతారు. తీర్పరి గెలిచిన మారుపేరును మూడుసార్లు పిలుస్తాడు. ఆ కవి ఉన్నచోటనే లేచి నిలబడాలి. ఎవరూ లేవకపోతే కుర్చీ రెండవవానికి పోతుంది. ఆనాడు తీర్పరి ఉత్తమ పద్యంలోని ఎనిమిది పంక్తులు చదివి, "రాతిగోడ నాచు!" అని పిలిచాడు.

ఆ పంక్తుల్లో ఒకటి రోలండ్స్ గారికి తెలుసు. నెల క్రితం కూలిన గోడకు రాళ్లు పేరుస్తూ, నెస్టా తండ్రి ఇద్వాల్ అనే గొర్రెల కాపరి దానిని నోట్లోనే అనుకుంటుండగా ఆయన విన్నారు. రెండు బెంచీల అవతల ఇద్వాల్ తలవంచి, తన టోపీ లోపలి కుట్టు చూసుకుంటున్నాడు. రెండవ పిలుపు. మూడవ పిలుపు. టోపీ కదలలేదు. అప్పుడు తీర్పరి "ఉదయతార!" అన్నాడు. అది రోలండ్స్ గారి మారుపేరు. ఆయన లేచారు.

ట్రాక్టరు ఆగాక, ఇద్వాల్ ఇంటి వంటగదిలో నెస్టా కుర్చీని దింపగానే కుక్క మొరిగింది.

"ఏంటయ్యగారూ, ఇంట్లో కూర్చోడానికేం లేదని మేమేమన్నా కబురంపామా?" అన్నాడు ఇద్వాల్.

"ఇది నీది, ఇద్వాల్. ఆ రోజు నాకు తెలుసు. తెలిసీ లేచి నిలబడ్డాను."

టీ పోస్తున్న నెస్టా చెయ్యి ఆగిపోయింది. ఇద్వాల్ పొయ్యిలోకి ఒక కట్టె తోశాడు.

"మీకు తెలుసని నాకూ తెలుసు. ఆ తర్వాత రెండు నెలలు నా మొహం చూసి మాట్లాడలేదు మీరు."

"మరి ఎందుకు లేవలేదు?"

"లేస్తే పెద్దలు మిమ్మల్ని పంపించేసి, మీ చోటుకి కాచుక్కూర్చున్న ఆ లావుపాటి బోధకుణ్ణి పిలిచేవాళ్లు. ఆయన ప్రసంగం గంటన్నర! నా గొర్రెలు ఆకలికి చచ్చేవి." నవ్వు దగ్గుగా మారింది. అది తగ్గాక గొంతు దించాడు. "మా ఆవిడ పోయినప్పుడు మీరు మూడు రోజులు ఇక్కడే కూర్చున్నారు. ఒక్క వాక్యం చదవలేదు. ఊరికే కూర్చున్నారు. ఆ కుర్చీ అట్లా చేసేదా?"

రోలండ్స్ గారు పొయ్యి దగ్గరకు వెళ్లారు. పొయ్యి కదిపే ఇనుపకడ్డీని అందుకుని, పోటీవేదిక మీద ఖడ్గం ఎత్తినట్లు రెండు చేతులా పైకెత్తి, అక్కడ సభను అడిగే ప్రశ్నే అడిగారు.

"శాంతి ఉన్నదా?"

"నాన్నకి దగ్గుంది, కుక్కకి గజ్జి ఉంది," అన్న నెస్టా, ఆయన ముఖం చూసి టీ గిన్నె కింద పెట్టింది. "శాంతి ఉంది," అంది మెల్లగా.

"రాతిగోడ నాచు! వచ్చి ఉంటే లేచి నిలబడవలెను."

ఇద్వాల్ ఒళ్లోని టోపీ తీసుకుని కుట్టు చూసుకున్నాడు.

"రాతిగోడ నాచు!"

"ముసలాణ్ణి ఏడిపించకండి అయ్యగారూ."

"రాతిగోడ నాచు!" ఈసారి ఆ సన్నని గొంతు వణికింది.

ఇద్వాల్ గిన్నెల అల్మారా అంచు పట్టుకున్నాడు. పళ్లేలు గలగలలాడాయి. నెస్టా ముందుకు రాబోతే మోచేత్తో నెట్టాడు. తుంటి సహకరించడానికి చాలాసేపు పట్టింది. అయినా లేచి, టోపీ ఛాతీకి ఆనించుకుని, నిటారుగా నిలబడ్డాడు. రోలండ్స్ గారు అతని చెయ్యి పట్టుకుని నాలుగడుగులు నడిపించి కుర్చీలో కూర్చోబెట్టారు.

"గట్టిగా ఉంది. మెత్తేసుకోవాలి," అన్నాడు ఇద్వాల్. కొంతసేపటికి మళ్లీ అన్నాడు: "ఆ సాయంత్రమే కాగితం పొయ్యిలో వేశాను. మళ్లీ నాకే ఆశ పుడుతుందేమోనని. ఇప్పుడు ఒక్క ముక్కా గుర్తు లేదు. బాగుండేదా అది?"

రోలండ్స్ గారు ఇనుపకడ్డీని గోడకు చేర్చి, ఎదురుగా పీట మీద కూర్చున్నారు. కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. తీర్పరి చదివిన ఎనిమిది పంక్తులూ ఆయనతోనే ఉన్నాయి, ఒక్క హల్లు తప్పకుండా.

"మంచులో ఊపిరి, మించులై పారె..." అని ఆయన మొదలుపెట్టారు.

"ఆఁ," అన్నాడు ఇద్వాల్. "మంచు కింద కూరుకుపోయిన ఆ గొర్రె బతికింది. ఊపిరి వేడికి పైన మంచు కరిగి కన్నం పడితే, అది చూసే తవ్వి తీశాను. తర్వాత చెప్పండి."