అత్త అడిగిన ప్రశ్నలు

మాలూరు ఫ్యాక్టరీలో చెకింగ్ సెక్షన్‌కు మనుషులు కావాలని, పదో తరగతి పాసైనవాళ్ళనే తీసుకుంటామని సూపర్‌వైజర్ చెప్పిన రోజు నేను ప్యాకింగ్ టేబుల్ దగ్గర నిలబడి అట్టపెట్టెలకు టేపు వేస్తున్నాను. చెకింగ్‌లో వాళ్ళు స్టూళ్ళ మీద కూర్చుని పనిచేస్తారు. మేము షిఫ్టు మొత్తం నిలబడాలి. సాయంత్రం రైలు దిగి కేజీఎఫ్‌లో ఇంటికి నడిచేసరికి పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టేవి కావు.

నేను పదో తరగతిలో లెక్కలు, సైన్సు తప్పి బడి మానేసిన దాన్ని. తర్వాత పెళ్ళయింది, మా ఊరు వదిలి కేజీఎఫ్‌కు వచ్చాను. మాకు పిల్లలు లేరు. బంగారు గనివాళ్ళకు కట్టిన పాత లైన్ ఇంట్లో ముగ్గురం ఉంటాం: నేను, మా ఆయన, మా అత్త. మా మామ గనిలో పనిచేసేవాడు. నా పెళ్ళినాటికే ఆయన లేడు.

ఆ సాయంత్రం అన్నం తింటూ చెకింగ్ సంగతి చెప్పాను. మా ఆయన తల ఊపి, "రాయాలనుంటే రాయి. ఎవురు వద్దన్నారు" అన్నాడు. అత్త మాత్రం గిన్నె కింద పెట్టి నా పాదాలవైపు చూసింది.

"రాయాలనుంటే ఏంది, రాయాల్సిందే. కాళ్ళు చూడు ఎట్లుండాయో."

చాలా ఏళ్ళు గడిచిపోయాయి కాబట్టి ప్రైవేటుగా అన్ని పేపర్లూ రాయాల్సి వచ్చింది. కన్నడ, సాంఘిక శాస్త్రం గురించి నాకు దిగులు లేదు. దిగులంతా పాత రెండిటి గురించే. కొత్త పుస్తకాలు కొని పొద్దున రైల్లో చదవడం మొదలుపెట్టాను. బంగారుపేటలో జనం దిగేటప్పుడు సీటు దొరికేది. కిటికీ పక్కన కూర్చుని ముఖ్యమైన వాక్యాల కింద గీతలు గీసుకుంటూ చదివేదాన్ని. ఒక పాఠం అయిపోయాక మళ్ళీ చదివితే అంతా తెలిసినట్టే ఉండేది. మూడోసారి చదివితే ఇంకా సులభంగా ఉండేది. ఇంత తేలికైన దానికా అప్పుడు తప్పాను అనుకున్నాను.

మా పక్క వీధిలో రిటైరైన టీచరమ్మ ఒకామె ఉంది. ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ ఆమె ఇంటికి వెళ్ళి, ఒకసారి నన్ను పరీక్షించమని అడిగాను. ఆమె పాత సైన్సు ప్రశ్నపత్రం ఒకటి తీసి ఇచ్చి, కాగితం ఇచ్చి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను మొదటి ప్రశ్న చదివాను. ఆ పాఠం పుస్తకంలో ఏ పేజీలో ఉందో, ఆ వాక్యం కింద నేను గీసిన గీత ఎక్కడ వంకర పోయిందో గుర్తొచ్చింది. జవాబు మాత్రం రాలేదు. రెండో దానికీ అంతే. ఆమె తిరిగి వచ్చేసరికి కాగితం మీద నా పేరు, ఒకటిన్నర జవాబు ఉన్నాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

టీచరమ్మ నా చేతిలో కాఫీ పెట్టి ఎదురుగా కూర్చుంది.

"చదివేటప్పుడు పుస్తకం నీకు చెప్తా ఉంటుందమ్మా. నువ్వు పుస్తకానికి చెప్పేది ఎప్పుడు? పాఠం అయినాక పుస్తకం మూసేయి. నువ్వే ప్రశ్నలు రాసుకో. ఒక పక్క ప్రశ్న, వెనక పక్క జవాబు. రోజూ అడుక్కో. రాకపోతే రాలేదని తెలుస్తుంది గదా, అదే మేలు."

ఫ్యాక్టరీలో తప్పుగా అచ్చయిన లేబుళ్ళు కట్టలు కట్టలుగా మూల పడి ఉండేవి. సూపర్‌వైజర్‌ను అడిగి ఒక కట్ట తెచ్చుకున్నాను. అంగుళమంత చీటీలు కాదు, అరచేతిలో పట్టేంతవి, ఒక మూల ఫ్యాక్టరీ ముద్ర ఉండేది. మిగతా అంతా ఖాళీ. సైన్సు పాఠం ఒక్కోదానికి ప్రశ్నలు రాసి ఒక బిస్కెట్ డబ్బాలో వేసుకున్నాను. రాసేటప్పుడే ఒక సంగతి తెలిసింది. పాఠం అర్థం కాకపోతే దాని మీద ప్రశ్న కూడా రాయలేం. ఒక్క ప్రశ్న కోసం ఒకే పేరాను పదేపదే చదవాల్సి వచ్చేది, అప్పుడు చదివింది నిలిచేది.

కానీ రైల్లో నన్ను నేను అడుక్కోవడం కుదరలేదు. చెయ్యి దానంతటదే చీటీని తిప్పేది. జవాబు చూసి, 'ఆ, ఇదే అనుకున్నాను' అని తృప్తిపడేదాన్ని. ఇంటికొచ్చి ఆ మాట అత్తతో అంటే, ఆమె కండ్లద్దాలు తుడుచుకుని చెయ్యి చాపింది.

"నాకియ్యి. నేను అడుగుతా."

"కన్నడలో ఉండాది అత్తా."

"ఉంటే ఏం. అక్షరాలు అన్నదమ్ముల బిడ్డల మాదిరే గదా ఉంటాయి."

అత్త గని బడిలో తెలుగులో నాలుగో తరగతి దాకా చదివింది. నేను కన్నడ బడిలో చదివిన దాన్ని. తెలుగు మాట్లాడడమే తప్ప రాయడం వచ్చేది కాదు. ఇప్పుడు ఇది తెలుగులో రాస్తున్నానంటే ఆ సాయంత్రాల్లో ఆమె దగ్గర నేర్చుకున్నదే. ఆమె కన్నడ అక్షరాలను తెలుగుకు దగ్గరగా ఊహించుకుంటూ, కూడబలుక్కుంటూ చదివేది. తోచని అక్షరం వస్తే తనకు తోచిన మాట పెట్టేసేది.

కుంభాకార దర్పణాన్ని కన్నడలో పీన దర్పణ అంటారు. అత్త ఆ చీటీని దూరంగా, దగ్గరగా పెట్టి చూసి, గంభీరంగా అడిగింది.

"పీనుగ దర్పణం అంటే ఏందమ్మా? చచ్చినోళ్ళకు చూపించే అద్దమా?"

నేను నవ్వి నవ్వి గోడకు ఆనుకున్నాను. ఆమెకు కోపం రాలేదు. నవ్వు ఆగేదాకా చీటీ పట్టుకుని కూర్చుని, "నవ్వింది చాలు, జవాబు చెప్పు" అంది. బండి పక్కన పెట్టే అద్దం అదేనని, వెనక ఎక్కువ దూరం కనబడుతుందని చెప్పాను. ఆమె చీటీ తిప్పి, అక్షరం అక్షరం పోల్చుకుని, సరే అంది.

బంగారం ఎందుకు తుప్పు పట్టదు అని ఒక చీటీ ఉండేది. దాని జవాబు విని అత్త, "మీ మామ అన్నేండ్లు తవ్వినాడు. తుప్పు పడుతుందో లేదో చూద్దామంటే గుండుసూది తలంత కూడా ఇంటికి తేలేదు" అని చీటీని పక్కన పెట్టింది.

రెండు డబ్బాలయ్యాయి. సరిగ్గా చెప్పినవి ఒకదాంట్లో, తప్పినవి ఒకదాంట్లో. తప్పినవి మర్నాడు మళ్ళీ అడిగేది. సరైనవి కూడా ఆదివారం ఒకసారి కలిపి అడిగేది. కొన్నాళ్ళకు తప్పుల డబ్బా దాదాపు ఖాళీ అయింది. నేను సంతోషంగా ఉన్నాను. అత్తకు మాత్రం తృప్తి లేదు.

"నేను సగం అడిగేలోపల చెప్పేస్తావుండావు" అంది ఒకరోజు. "ఇవన్నీ నీకు వచ్చినవి. రానివి యాడ పెట్టినావు?"

విద్యుత్తు పాఠం మీద ఒక్క చీటీ కూడా రాయలేదని నాకు తెలుసు. లెక్కల్లో వర్గ సమీకరణాలు అసలు ముట్టుకోలేదు. ప్రశ్నలు రాసేది నేనే కాబట్టి, భయపడేవాటిని తెలియకుండానే దాటిపోతూ వచ్చాను. మర్నాడు రైల్లో విద్యుత్తు పాఠం తీశాను. మాలూరు వచ్చేలోపల రెండే రెండు ప్రశ్నలు రాయగలిగాను. ఆ వారమంతా తప్పుల డబ్బా నిండుతూనే ఉంది. అత్త దాన్ని ఊపి చూసి, "ఇప్పుడు బాగుండాది" అంది.

లెక్కలు ఆమెకు అర్థమయ్యేవి కావు. చీటీ వెనక ఉన్న చివరి అంకె మాత్రం చూసేది. నేను చెప్పింది దాంతో కలవకపోతే, ఎక్కడ తప్పానో చెప్పలేక, "కాదంట. మళ్ళీ చెయ్" అనేది. ఆ 'అంట' లో ఎవరో పెద్దమనిషి చీటీ లోపల కూర్చుని చెబుతున్నట్టు ఉండేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె డబ్బాలో చెయ్యి పెట్టి, ఏమీ తీయకుండానే అడిగింది.

"నేను పుట్టింది ఏ ఊర్లో?"

"ఇదేం ప్రశ్న అత్తా? ఇక్కడే గదా, కేజీఎఫ్‌లో."

"తప్పు."

నేను ఆమె ముఖం చూశాను. వేళాకోళం కాదు. ఆ ఇంటికి వచ్చి ఇన్నేళ్ళయింది. ఆమె గని బిడ్డ అని, ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగిందని నేనెప్పుడూ అనుకుంటూ ఉన్నాను. ఎవరూ చెప్పలేదు, నేను అడగలేదు.

"మాస్తిలో పుట్టినాను. మా నాయనకు భూమి లేదు, రాగి కోతలకు పోయేవాడు. నేను నడిచే వయసులో నాయనకు గనిలో పని దొరికింది. నన్ను భుజం మీద ఎత్తుకుని వచ్చినాడంట. మా అమ్మ తలమీద రాగులిసిరే రాయి పెట్టుకుని వెనకాల."

మాలూరు తాలూకాలోనే మాస్తి. నేను రోజూ దిగే స్టేషన్ నుంచి బస్సు పోతుంది. ఆమాట నాకు ఒక్కనాడూ ఆమె చెప్పలేదేమని అడిగాను.

"నువ్వు అడిగినావా? ఖాళీ చీటీ ఒకటియ్యి." ఆ ప్రశ్నను తెలుగులో తనే రాసి, తప్పుల డబ్బాలో వేసింది.

అప్పటినుంచి రోజూ చివర్లో తన ప్రశ్న ఒకటి ఉండేది. తనకు ఇష్టమైన కూర ఏదని అడిగితే నేను ధీమాగా ఉలవచారు అన్నాను. వారం వారం ఆమె కోసమే చేసేదాన్ని.

"అది మీ మామకు ఇష్టం. ఆయన పోయినాక నువ్వొచ్చి అదే చేస్తావుంటే, సరే అని తింటావున్నాను. నాకు పితికిపప్పు ఇష్టం."

పితికిపప్పు అంటే అనపగింజలు నానబెట్టి, ఒక్కో గింజనూ వేళ్ళమధ్య పితికి తోలు తీయాలి. ఒక్కదానివల్ల అయ్యే పని కాదని ఆమె ఎప్పుడూ అడగలేదట. మర్నాడు సంతలో అనపకాయలు తెచ్చాను. గింజలు ఒలిచి నానబెట్టి, ఇద్దరం గిన్నె మధ్యన పెట్టుకుని కూర్చున్నాం. చేతులు తడిగా ఉండి చీటీలు పట్టుకోలేం కదా, ఈరోజుకు చదువు మానేద్దాం అన్నాను. ఆమె గింజ పితుకుతూనే, "విద్యుత్ నిరోధం దేనిమీద ఆధారపడుతుంది?" అని అడిగింది. ప్రశ్నలన్నీ ఆమెకు నోటికి వచ్చేశాయి. జవాబులు మాత్రం నేనే చెప్పాలి, ఆమె నా ముఖం చూసి నాకు గట్టిగా తెలుసో లేదో కనిపెట్టేది.

ఆరోజు నేనూ ఒకటి అడిగాను. "నేను బడి ఏమిటికి మానేసినాను చెప్పు."

"తప్పినావు గదా, దానికి."

"తప్పు" అన్నాను. "మళ్ళీ రాస్తానని నాయనకు చెప్పినాను. ఆయనా సరేనన్నాడు. పరీక్ష ముందర మా అమ్మ మంచాన పడింది. లేచేసరికి ఆ ఏడు పోయింది. మర్సటి ఏడు నన్ను ఇంగ ఎవురూ అడగలేదు."

ఆమె వేళ్ళు ఆగిపోయాయి. "అదీ రాసి డబ్బాలో వెయ్యి" అంది. "నేను తప్పినాను."

పరీక్ష బంగారుపేటలో ఒక బడిలో పడింది. చుట్టూ యూనిఫాం పిల్లలు, మధ్యలో చీరలో నేను. ఒక అమ్మాయి నన్ను ఇన్విజిలేటర్ అనుకుని లేచి నిలబడింది. సైన్సు పేపర్‌లో దర్పణాల మీద ప్రశ్న ఉంది. చదవగానే అత్త గొంతు చెవిలో వినిపించి, నోటికి కొంగు అడ్డం పెట్టుకోవాల్సి వచ్చింది. జవాబు రాశాను, బొమ్మ కూడా వేశాను.

ఫలితాల్లో సైన్సు బాగా వచ్చింది. లెక్కలు పోయాయి, కొంచెంలో పోయాయి. ఇంటికొచ్చి అత్తతో చెప్పలేక చెప్పాను.

"ఎన్ని పోయినాయి?" అంది.

"ఒకటే."

"అప్పుడు రెండు పోయినాయి గదా" అని లేచి లెక్కల చీటీలు వేరుచేయడం మొదలుపెట్టింది.

మళ్ళీ రాసే అవకాశం తొందరగానే వచ్చింది. ఈసారి లెక్కలు గట్టెక్కాయి, పెద్ద మార్కులేం కాదు. అత్త చీర మార్చుకుని లైన్ ఇళ్ళన్నీ తిరిగి చెప్పి వచ్చింది. తర్వాత పక్కింటామె నన్ను అభినందిస్తూ నా మార్కులు చెబితే, నాకు వచ్చినవాటికంటే చాలా ఎక్కువ ఉన్నాయి. నేను దిద్దలేదు.

అంతలోపల చెకింగ్‌లో ఖాళీలు నిండిపోయాయి. ఇంకొన్ని నెలలు టేపు వేస్తూ నిలబడ్డాను. ఒకామె పెళ్ళై హొసూరుకు వెళ్ళిపోయినప్పుడు ఆ స్టూలు నాకిచ్చారు. మొదటిరోజు కూర్చుని పనిచేసి ఇంటికి వస్తే, అత్త నన్ను గడపలోనే ఆపి, వంగి, పాదం వేలితో నొక్కి చూసింది. రోజూ నా కాళ్ళకు పెట్టే వేడినీళ్ళు ఆరోజు పెట్టలేదు.

ఈ ఏడు పి.యు.సి.కి, అంటే ఇంటర్‌కు, కట్టాను. చరిత్ర, అర్థశాస్త్రం. పుస్తకాలు తెచ్చి బల్లమీద పెడితే ఆమె చరిత్ర పుస్తకం చేతిలోకి తీసుకుని బరువు చూసింది.

"మందంగా ఉండాదే" అంది. "మొదటి పాఠం చదివినావా?"

"ఇంకా లేదత్తా."

"చదివి రాయి. నేను పప్పు దించి వస్తా."