బిరడా బిగించిన ఖమీర్

ఆ రోజుల్లో, అంటే ఎనభైల మొదట్లో, బయోటెక్నాలజీ అనే మాట తడబడకుండా పలకగలిగినవాడే మా కాలేజీలో పండితుడు. నేను పలికేవాణ్ణి. (అర్థం అడిగితే దగ్గు వచ్చేది.) ఆ అర్హతతోనే, యాకుత్‌పురా నుంచి నాన్న పాత సైకిల్ తొక్కుకుంటూ వచ్చే నేను ఆ పేరుతో ఒక విద్యార్థి సంఘం పెట్టి, దానికి సెక్రెటరీనయ్యాను. ప్రిన్సిపాల్ గారు మాకొక గది చూపించి, "మొదటి మీటింగుకు ముప్పై మంది రావాలె. రాకుంటే గది మళ్ల క్యారమ్స్ ఆడెటోళ్లకే," అన్నారు. నేనేం చేశాను? 'సైన్సు వారికి మాత్రమే' అని ఎర్ర సిరాతో రాసి తలుపుకు అంటించాను. గొప్పగా కనిపించాలి కదా!

మైక్రోస్కోపులో చూపించడానికి సూక్ష్మజీవులు కావాలి. నాన్ పిండిని పొంగించే ఖమీర్‌లో అవి కోట్లకొద్దీ ఉంటాయని చదివాను. పురానాపూల్ దగ్గర నాన్‌లు కాల్చే దుకాణం వాళ్లబ్బాయి మా కాలేజీలోనే ఉర్దూ బి.ఏ. చదివేవాడు. అతన్ని నాన్ భాయ్ అనేవాళ్లం. అడిగిందే తడవుగా, మీటింగు రోజు పొద్దున్నే పలుచటి ఖమీర్‌ను తడిగుడ్డ కప్పిన గిన్నెలో తెచ్చిచ్చాడు. "నేను గూడ కూసొని చూడొచ్చా భాయ్?" అన్నాడు. నేను తలుపు మీది కాగితం చూపించాను. వరండాలోకి వెళ్లి నిలబడ్డాడు. ఆ ముఖం గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తడిగుడ్డ నాకు శాస్త్రీయంగా తోచలేదు. ఖమీర్‌ను గాజుసీసాలోకి మార్చి, రబ్బరు బిరడా బిగించి, ఎండ పడే కిటికీలో పెట్టాను. మీటింగుకు వచ్చింది పదకొండు మంది. ప్రిన్సిపాల్ గారు రెండుసార్లు లెక్కపెట్టి వాచీ చూసుకున్నారు. నేను సీసా చేతిలోకి తీసుకుని గొంతు సవరించుకున్నానో లేదో, ఫట్‌మని బిరడా ఎగిరి ఫ్యానుకు తగిలింది. సగం ఖమీర్ నా ఇస్త్రీ చొక్కా మీద, మిగతా సగం ఆయన కోటు మీద పడింది.

ఆ లొల్లికి వరండాలో ఉన్న కామర్సు, హిస్టరీ, ఉర్దూ వాళ్లంతా లోపలికి వచ్చేశారు. అందరికంటే ముందు నాన్ భాయ్. "ఏంది సెక్రెటరీ సాబ్, ఖమీర్‌కు గిట్ల బిరడా బిగిస్తరా? దానికి పానమున్నది, ఊపిరి ఇడుస్తది. మా అబ్బా తడిగుడ్డ కప్పేది గందుకే!" అంటూ, ప్రిన్సిపాల్ గారి కోటు మీది చుక్కనే తీసి స్లైడు మీద పెట్టించాడు. మైక్రోస్కోపు ముందు వరుస కట్టారు. అది ఎందుకు పొంగుతుందో కెమిస్ట్రీ వాడు చెబుతుంటే, ఎండాకాలం ఎంత వేయాలో, చలికాలం ఎంత వేయాలో నాన్ భాయ్ చెప్పాడు. ప్రిన్సిపాల్ గారు కోటు తుడుచుకుంటూ మూడోసారి లెక్కపెట్టి, "ముప్పై నాలుగు," అన్నారు. గది దక్కింది. ఆ కాగితం నేనే చింపి, దానితోనే చొక్కా తుడుచుకున్నాను.

మరుసటి వారం నాన్ భాయ్‌ని సెక్రెటరీని చేశాం. ఇప్పుడు మా ఇంట్లో దోసెల పిండి డబ్బా మూత ఎవరైనా గట్టిగా బిగిస్తే, లేచి వెళ్లి వదులు చేసి వస్తాను. "గింత చాదస్తమేందండీ," అంటుంది మా ఆవిడ. ఆ ఎర్ర సిరా కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను. ఆ రోజు అలిగి వెళ్లిపోకుండా వరండాలోనే నిలబడ్డ నాన్ భాయ్‌కి క్షమించమని చెప్పానో లేదో మాత్రం, ఎంత ఆలోచించినా గుర్తురాదు.