రెండు కాంటాల నడుమ ఒక కిలో

మా బాపు దగ్గర రెండు స్ప్రింగు కాంటాలు ఉండేవి. ఒకటి యాభై కిలోలది, రెండవది ఇరవై ఐదు కిలోలది. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఊళ్ళలో ఆముదాలు కొని, బస్తాలకెత్తి, హైదరాబాదు పట్నంలోని వ్యాపారులకు చేర్చడం ఆయన పని. బస్తా యాభై కిలోలు దాటితే ఒక్క కాంటా చాలదు. అప్పుడు బాపు మా షెడ్డు దూలానికి రెండు కాంటాలనూ పక్కపక్కన వేలాడదీసి, వాటి కొక్కేలలో ఒక వెదురు కర్ర దూర్చి, ఆ కర్రకు బస్తాను కట్టేవాడు. సరిగ్గా నడుమ కట్టేవాడు కాదు, పెద్ద కాంటా వైపుకు కొంత జరిపి కట్టేవాడు. తరువాత రెండు అంకెలూ చదివి, కూడి, అందులోంచి కర్ర బరువు తీసివేసేవాడు.

కొత్తగా వచ్చిన రైతులకు అది నచ్చేది కాదు.

"గిదేందే, గీడ నలభై, గాడ ఇరవై? ఏది నిజం?"

"రెండూ నిజమే. కలుపుకో," అనేవాడు బాపు.

నేను శేరిగూడలో ఇంజనీరింగు చివరి సంవత్సరం చదువుతున్న కాలమది. బొంగులూరు దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఇంకా మట్టికట్టగానే ఉంది. దాని పక్కన ఇళ్ల స్థలాల వెంచర్ల జెండాలు మాత్రం ముందే వచ్చేశాయి. మా ఇంట్లో ఇంటర్మీడియట్ దాటిన మొదటి మనిషిని నేను. ఏ పాఠాన్నయినా అక్షరం పొల్లుపోకుండా బట్టీ పట్టడమే నాకు తెలిసిన క్షేమమైన దారి. ఆ దారి ఫైనైట్ ఎలిమెంట్ అనాలిసిస్ దగ్గర మూసుకుపోయింది.

ఆ పాఠం చెప్పే సారు కోస్తా నుండి వచ్చి హైదరాబాదు శివారులో స్థిరపడినవారు. వారు చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. ఒక వంతెనో, క్రేను కొక్కెమో బరువు మోసేటప్పుడు ఏ చోట ఎంత వంగుతుందో మొత్తంగా లెక్కగట్టడం కష్టం. అందుకని దానిని చిన్న చిన్న ముక్కలుగా ఊహించుకుంటాము. ఆ ముక్క ఎలిమెంటు, ముక్కలు కలుసుకునే బిందువు నోడు. ప్రతి ముక్కనూ ఒక స్ప్రింగులా భావించి, ఎంత బలానికి ఎంత సాగుతుందో రాస్తాము. ముక్కలను నోడ్ల వద్ద కలుపుతాము. ఆ వస్తువును ఎక్కడ కదలకుండా పట్టి ఉంచామో చెబుతాము. ఆపైన సమీకరణాలన్నిటినీ కలిపి సాధిస్తాము. వేల ముక్కలుంటే ఆ పని కంప్యూటరుది. రెండే ముక్కలైతే మనిషే చేసుకోవచ్చు.

ఆ సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటర్లు మా ల్యాబులో నాలుగే. చోటు దొరకనివారు అమీర్‌పేట కోచింగు సెంటర్లకు వెళ్ళి, ఎవరో చేసిపెట్టిన ప్రాజెక్టును తెచ్చుకునేవారు. నాకు అలా తెచ్చుకోవడం ఇష్టం లేదు. సారు షరతు పెట్టారు.

"బోర్డు మీద నాకొద్దమ్మా. రెండు ఎలిమెంట్లు చేత్తో పట్టుకొచ్చి చూపించండి. ముందు లెక్క చెప్పాలి, తరవాత బరువు వేలాడదీయాలి. కుదిరినవాళ్ళకే కంప్యూటరు."

స్ప్రింగు అన్న మాట నా చెవిన పడగానే షెడ్డులోని కాంటాలు కళ్ళముందు ఆడాయి. బాపు ఇన్నేళ్ళుగా చదువుతున్న అంకెలు ఈ పాఠంలోవేనా అన్న కుతూహలం ఆ రాత్రి భోజనం కూడా సరిగా చేయనివ్వలేదు.

నేను వేసుకున్న అమరిక ఇది. పైన ఒక కర్ర, కర్రకు పెద్ద కాంటా, దాని కొక్కేనికి ఒక ఇనుప రింగు. రింగు కింద చిన్న కాంటా. దాని కొక్కేన్ని నేల మీది బరువైన దిమ్మెకు బిగించి కట్టాలి. తాడు బిగువుకు రెండు ముళ్ళూ కొంత చూపుతాయి, ఆ అంకెలు రాసుకోవాలి. ఇప్పుడు రింగుకు తొమ్మిది కిలోలు తగిలిస్తే రింగు కిందికి దిగుతుంది. అది దిగినంత మేర పెద్ద కాంటా సాగుతుంది, అంతే మేర చిన్న కాంటా సడలుతుంది. పెద్దది కిలోకు రెండు మిల్లీమీటర్లు సాగేది, చిన్నది నాలుగు. కాబట్టి పెద్దది ఆరు కిలోలు ఎక్కువ చూపాలి, చిన్నది మూడు కిలోలు తక్కువ చూపాలి. రింగే నోడు, కాంటాలే ఎలిమెంట్లు.

ఆ ఉదయం సంచిలో కాంటాలు, చేతిలో బాపు వెదురు కర్రతో బస్సెక్కాను.

"ఎవల్ని కొట్టవోతున్నవ్ చెల్లె?" అన్నాడు కండక్టరు.

"సార్‌ను," అన్నాను. బస్సులో సగం మంది నవ్వారు.

ల్యాబులో రెండు బల్లల మీద కర్రను అడ్డంగా పెట్టి, అన్నీ బిగించి, బోర్డు మీద ఆరు, మూడు అని రాసి, తొమ్మిది కిలోల బరువు తగిలించాను. పెద్ద కాంటా ఐదే పెరిగింది. చిన్నది నాలుగు తగ్గింది.

"సార్, అది ఆమె బాపు కాంటా సార్!" అన్నాడు వెనుక బెంచీ నుండి ఒకడు. "తూకంల కొట్టుడు గట్లనే ఉంటది. కిలో మాయం!"

"బస్తాకొక కిలో అంటే మస్తు గిట్టుబాటే," అన్నాడు ఇంకొకడు. గది గొల్లుమంది.

"నవ్వకండి," అన్నారు సారు. "ఐదూ నాలుగూ తొమ్మిదే. ఏమీ మాయం కాలేదు. పంపకమే మారింది. ఎందుకు మారిందమ్మా?"

నేను రెండు ముళ్ళనూ మళ్ళీ చదివాను. అవే అంకెలు.

"సోమవారం చెప్పు. చెప్పలేకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇస్తాను."

ల్యాబులో చోటు గురించిన బెంగ దారిలోనే వెనక్కి పోయింది. దానికంటే పెద్దది మిగిలింది. బాపు అమ్మేవాడు కాదు, కొనేవాడు. ఆరు చూపవలసిన చోట ఐదు చూపే కాంటా కొనేవాడికే లాభం. ఆ ఆలోచన ఒకసారి వచ్చాక నేను నేరుగా ఇంటికి పోలేకపోయాను. చౌరస్తాలోని కిరాణా దుకాణానికి వెళ్ళి తూకం రాళ్ళు అడిగాను.

"మీ బాపు కాంటాను నా రాళ్ళతోని చూస్తున్నవా? ఏమైందే?" అన్నాడు దుకాణం కాక.

"కాలేజీ పని కాకా," అన్నాను.

ఐదు, పది, పదిహేను. ఏ రాయి తగిలించినా రెండు ముళ్ళూ సరిగ్గా ఆ గీత మీదనే నిలిచాయి. ఒక్క క్షణం ఊపిరి తిరిగింది. మరుక్షణమే సిగ్గు కమ్మింది.

నేను ఇల్లు చేరేలోపు ఆ కబురు ఫోనులో బాపుకు చేరింది.

"సరిపోయిందా తూకం?" అని అడిగాడు. గొంతులో కోపం లేదు.

"అవ్ బాపు."

"నన్నడిగితే నేనే జూపెడుదు గద, బిడ్డా."

తల దించుకొని జరిగినదంతా చెప్పాను, వెనుక బెంచీ నవ్వుతో సహా. బాపు లేచి, రెండు కాంటాలూ తీసుకొని షెడ్డులోకి నడిచాడు. పెద్ద కాంటాను ఎప్పటిలాగే దూలానికి తగిలించాడు. నేను రింగు వేసి, చిన్న కాంటాను తగిలించి, కింద ఉన్న రోలుకు బిగించాను. ఇద్దరం తొమ్మిది కిలోలు తగిలించాము.

పెద్దది ఆరు పెరిగింది. చిన్నది మూడు తగ్గింది.

"ఇంట్ల సక్కగనే చెప్తది," అన్నాడు బాపు. "మీ కాలేజీకొస్తే దీనికేం రోగమొచ్చింది?"

కాంటాలు అవే, బరువూ అంతే. ఇక్కడ లేనిదేమిటని చుట్టూ చూశాను. నేను మోసుకొచ్చిన వెదురు కర్ర గోడకు ఆనించి ఉంది.

"బాపు, ఈ కర్ర వంగుతదా?"

"వంగక? బస్తా కట్టినప్పుడల్లా వంగుతది. వంగితే నాకేంది? నాకు మొత్తం గావాలె."

ఆయన చెప్పింది నిజం. కర్ర ఎంత వంగినా రెండు అంకెల మొత్తం మారదు. ఏ కాంటా మీద ఎంత పడుతుందో తెలియాలనుకున్నప్పుడే ఆ వంపు లెక్కలోకి వస్తుంది. నేను కర్రను కదలని చోటుగా అనుకున్నాను. ఆధారం కదలదని చెప్పడానికి పుస్తకంలో దాని వద్ద గీతలు గీసి ఉంటాయి, ఆ గీతల వెనుక ఏముందో నేను ఎన్నడూ అడగలేదు.

ల్యాబు బల్లల మధ్య ఉన్నంత ఎడంలో రెండు ఎత్తు పీటలు వేసి, వాటి మీద కర్రను పెట్టి, ఈ చివర నుండి ఆ చివరకు దారం బిగించి కట్టాము. నడుమ ఐదు కిలోలు వేలాడదీశాము. బాపు దారాన్ని కదలకుండా పట్టుకుంటే నేను స్కేలు పెట్టి చూశాను. కర్ర దారం కంటే ఆరు మిల్లీమీటర్లు కిందికి దిగింది. ఐదు కిలోలకు పెద్ద కాంటా సాగేది పది. పదీ ఆరూ పదహారు. చిన్న కాంటా నాలుగు కిలోలు తగ్గాలంటే సడలవలసినదీ పదహారే. కాగితం మీద ఆ రెండు పదహార్లు ఒకదాని కింద ఒకటి వచ్చినప్పుడు నేను కేక పెట్టాను.

"ఫికర్ పోయిందా?" అన్నాడు బాపు.

సోమవారం ల్యాబులో కర్రకు దారం కట్టి, అదే బరువు తగిలించాను. బోర్డు మీద ఈసారి మూడు స్ప్రింగులు గీశాను. మూడవదాని పక్కన 'కర్ర' అని రాశాను. ఐదు, నాలుగు అని ముందే చెప్పాను. ముళ్ళు అక్కడే ఆగాయి.

"అంటే మీ బాపుది తప్పు కాదన్నట్టు," అన్నాడు వెనుక బెంచీవాడు, కొంచెం మెల్లగా.

"తప్పు నాది. కర్రను లెక్కల ఏసుకోలే," అన్నాను.

సారు వంగి దారానికీ కర్రకూ నడుమ సందును చూశారు. "రేపట్నించి ల్యాబుకి రామ్మా," అన్నారు.

ఆ వారం షెడ్డుకు ఒక రైతు అక్క అరవై కిలోల బస్తాతో వచ్చింది. బాపు ఎప్పటిలాగే కాంటాలు వేలాడదీసి, కర్ర దూర్చి, బస్తాను పెద్ద కాంటా వైపుకు జరిపి కట్టాడు. అప్పుడు చూశాను, కర్రకు ఆ చివర నుండి ఈ చివరకు దారం బిగించి ఉంది. బాపు అంకెలు చదవకుండా ఆ దారం దగ్గరకు మొహం పెట్టి నిలబడ్డాడు.

"తూకం చెప్తవా, దారం చూస్తవా?" అన్నది అక్క.

"ఆగక్కా, జర," అని, నా వైపు తిరిగాడు. "బిడ్డా, రెండు వేళ్ల మందం వంగింది. నడుమ కాదు, పెద్దదాని దిక్కే ఎక్కువున్నది. ఎందుకట్ల?"

నేను నోట్‌బుక్ తెచ్చుకోవడానికి లోపలికి పరుగెత్తాను.